ఇప్పచెట్ల జతలు, చుట్టరికాలు: ఉట్నూరు వైపు ప్రాజెక్టు డైరీ

డిగ్రీ కాలేజీ స్థాయి ప్రయోగశాల, ఒక మామూలు పీసీఆర్ యంత్రం (డీఎన్‌ఏ ముక్కకు లెక్కలేనన్ని నకళ్లు తీసేది), అడవి పక్క ఊళ్లతో మంచి పరిచయం ఉన్నవారు ఈ పనిని తమ ప్రాంతంలో చేయగలరు. వారి కోసమే ఈ డైరీ. ఎక్కడ పని చెడిందో, దాని బదులు ఏం చేశామో ఎక్కువగా రాశాను. సాఫీగా సాగినవాటిని ఒకటి రెండు వాక్యాలతో దాటేశాను.

మా ప్రశ్నలు రెండు. అడవిలో గుంపుగా ఉన్న ఇప్పచెట్లకూ, అడవి పోయాక పొలాల్లో విడివిడిగా మిగిలిన ఇప్పచెట్లకూ పుప్పొడి ఎక్కడెక్కడి నుంచి వస్తోంది? చెట్ల మధ్య చుట్టరికం దూరంతో పాటు ఎలా తగ్గుతోంది, పెద్ద చెట్లలో కనిపించే చిత్రమే పిల్ల మొక్కల్లోనూ కనిపిస్తుందా?

రెండో ప్రశ్నే నాకు ముఖ్యం. ఇప్పచెట్టు పదేళ్లు దాటితే గానీ పూతకు రాదు, వచ్చాక దశాబ్దాల తరబడి కాస్తుంది. ఇప్పుడు పొలంలో కనిపించే ముసలి చెట్టు జన్యువులు అడవి దట్టంగా ఉన్న కాలానివి. ఆ చెట్లలో వైవిధ్యం బాగుందని తేలినా ఈనాటి పరిస్థితి బాగున్నట్టు కాదు. ఈనాటి సంగతి విత్తనాలు, మొలకలే చెప్పాలి.

దశ 1: అనుమతి, కొలత, నంబరు (జనవరి)

ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు వైపు రెండు స్థలాలు ఎంచుకున్నాం. ఒకటి అడవి అంచున ఉన్న గుంపు, రెండోది జొన్న, పత్తి చేలల్లో మిగిలిన చెట్లు. అటవీశాఖ అనుమతి కాగితం మీద దొరికింది. కానీ మేము పనిచేసిన ఊళ్లలో ప్రతి ఇప్పచెట్టుకూ ఒక కుటుంబం ఉంది. ఆ చెట్టు కింద పువ్వు ఏరుకునే హక్కు తరతరాలుగా వారిదే. "ఈ చెట్టు మా అత్తగారి నుంచి వచ్చింది, అడగకుండా ఆకు తెంపితే ఎట్లా సార్?" అని ఒక పెద్దావిడ అడిగింది. ఆ మాటతో పట్టికలో ఒక గడి పెరిగింది: చెట్టు ఏ కుటుంబానిది, ఏ తేదీన అనుమతి ఇచ్చారు. తర్వాత ఏడాదంతా మాకు పనికొచ్చిన సమాచారం సగం ఆ గడి వల్లే దొరికింది. చెట్టు వయసు, పక్కన నరికేసిన చెట్లు, ఏ ఏడు ఎవరు నిప్పు పెట్టారు, ఇవన్నీ వారికే తెలుసు.

నంబర్లు వేయడంలో వచ్చిన చిక్కులు:

1. మొదట పెయింటుతో రాశాం. ఇప్ప బెరడు పొలుసులుగా ఊడుతుంది, ఫిబ్రవరి నిప్పుకు కింది భాగం నల్లబడుతుంది. నంబర్లు పోయాయి.
2. మేకుతో అల్యూమినియం బిళ్లలు కొడదామంటే కుటుంబాలు ఒప్పుకోలేదు. బెరడు గాయమైతే పాలు కారుతుంది కనుక వారి మాట సరైనదే.
3. చివరికి అల్యూమినియం బిళ్లను వదులు తీగతో తలకు పై ఎత్తులో కొమ్మకు వేలాడదీశాం. తీగ బిగుతుగా ఉండకూడదు. ఏడాదిలో కొమ్మ లావెక్కి తీగ లోపలికి దిగుతుంది.

చుట్టుకొలత నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో తీశాం. వాలు నేల మీద ఎగువ వైపు నుంచి కొలవాలి. జంట కాండాలు ఉంటే రెండింటినీ విడిగా రాసి, ఒకే వేరుకు చెందినవా అన్నది ఆకు నమూనాతో తర్వాత తేల్చాలి.

చెట్టు స్థానం గుర్తించడంలో ఎక్కువ జాగ్రత్త కావాలి. కొమ్మల కింద ఫోను జీపీఎస్ ఐదు నుంచి పది మీటర్ల వరకు తప్పు చూపింది. చుట్టరికం చూడటానికి చెట్ల జతలను దూరాన్ని బట్టి వర్గాలు చేస్తాం, అందులో మొదటిది 0 నుంచి 20 మీటర్లు. ఆ వర్గంలో పది మీటర్ల తప్పు ఉంటే దగ్గరి చెట్ల చుట్టరికం గురించి ఏం చెప్పినా నిలవదు. అందుకే అడవి గుంపులో ఒక బండను మూలబిందువుగా పెట్టుకొని టేపు, దిక్సూచితో దూరం, కోణం తీశాం. పొలాల్లో చెట్లు దూరదూరంగా ఉంటాయి కాబట్టి జీపీఎస్ సరిపోయింది. ప్రతి చెట్టు దగ్గరా పది నిమిషాలు ఆగి సగటు తీసుకున్నాం.

ఇప్పటిదాకా: అడవి గుంపులో 38 చెట్లు, పొలాల్లో 34 చెట్లు, మొత్తం 72.

దశ 2: పూత, సంచులు (మార్చి, ఏప్రిల్)

ఉష్ణమండల వృక్షాల పరాగ సంపర్కం గురించి ఒక పాత వాదం ఉంది. అక్కడి అడవుల్లో ఒకే జాతి చెట్లు దూరదూరంగా ఉంటాయి, కనుక ఎక్కువగా తమ పుప్పొడితోనే ఫలదీకరణం జరగాలి అని వృక్షశాస్త్రవేత్త ఫెదరోవ్ 1966లో రాశాడు. 1974లో మరో వృక్షశాస్త్రవేత్త కమల్‌జిత్ బావా కోస్టారికా అడవిలో చెట్టు చెట్టుకూ చేతితో పరాగ సంపర్కం చేసి చూశాడు. ద్విలింగ పుష్పాలున్న జాతుల్లో ఎక్కువ భాగం తమ పుప్పొడిని తామే నిరాకరిస్తున్నాయని తేలింది. తర్వాత జన్యు గుర్తులు (చెట్టు చెట్టుకూ తేడా చూపే డీఎన్‌ఏ భాగాలు) వచ్చి ఆ చిత్రాన్ని బలపరిచాయి. అయినా ప్రతి జాతికీ, ప్రతి చోటుకూ మళ్లీ చూడక తప్పదు. బూరుగు జాతికి చెందిన సీబా పెంటాండ్రా వంటి చెట్లలో స్వసంపర్కం (తన పుప్పొడితో), పరసంపర్కం (వేరే చెట్టు పుప్పొడితో) రెండూ కనిపిస్తాయి.

ఇప్పపువ్వు నిర్మాణం ఈ పనికి అనుకూలం. మొగ్గ విచ్చకముందే కీలాగ్రం (పుప్పొడిని అందుకునే కొన) బయటికి పొడుచుకొని వస్తుంది, స్త్రీ భాగం ముందు సిద్ధమవుతుంది. కేసరాలు (పుప్పొడి ఉండే పురుష భాగాలు) కండగల తెల్లటి గొట్టానికి లోపల అంటుకొని ఉంటాయి. తెల్లవారుజామున రాలేది ఆ గొట్టమే, కేసరాలు దానితో పాటే పోతాయి. అండాశయం, పొడవాటి కీలం కొమ్మ మీదే ఉంటాయి. కాబట్టి నేల మీద రాలిన పువ్వు ఏరితే కాయ తగ్గదు. ఈ సంగతి మా విద్యార్థులలో చాలామందికి కొత్త. ఊరివాళ్లలో తెలియనివారు లేరు.

మా పద్ధతి:

1. గుత్తిలో విచ్చిన పువ్వులు, మరీ చిన్న మొగ్గలు తీసేసి సరైన దశలో ఉన్నవాటినే ఉంచాం.
2. పురుష భాగం తీసేయడానికి మొగ్గ గొట్టాన్ని మొదట్లో పట్టి మెల్లగా తిప్పి లాగితే చాలు, కత్తెర అక్కర్లేదు.
3. కీలాగ్రం సిద్ధమైందో లేదో చూడటానికి 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేశాం. బుడగలు వస్తే సిద్ధం. గాయమైన చోట కూడా బుడగలు వస్తాయి, అందుకే భూతద్దంతో కీలాగ్రపు కొననే చూడాలి.
4. మూడు రకాల గుత్తులు: సంచి కట్టి వదిలేసినవి, అదే చెట్టు పుప్పొడి రాసినవి, కనీసం వంద మీటర్ల దూరపు చెట్టు పుప్పొడి రాసినవి. పక్కన తెరిచి ఉంచిన గుత్తులు.

ఇందులో మొదటి రెండు అంశాలే సవ్యంగా సాగాయి. బటర్ పేపర్ సంచుల్లో ఏప్రిల్ ఎండకు కీలాలు వాడిపోయాయి. లోపల ఉష్ణమాపి పెట్టి చూస్తే బయటి నీడ కన్నా చాలా వేడిగా ఉంది. మల్లు గుడ్డ సంచులకు మారాం. వేడి తగ్గింది. అయితే గొట్టం లాగిన చోట కారిన పాలకు చీమలు చేరి కీలాన్ని కొరికాయి. సంచి మూతి దగ్గర కొమ్మ చుట్టూ దూది, దాని మీద గ్రీజు పట్టీ వేశాక చీమలు ఆగాయి. ఆ తర్వాత గబ్బిలాల వంతు. పండ్ల గబ్బిలాలు ఇప్పచెట్టు మీద రాత్రి వాలి ఆ తీపి గొట్టాన్నే పీక్కొని తింటాయి, ఆ క్రమంలో పుప్పొడి మోస్తాయి. ఇప్పపువ్వుకు గబ్బిలాల సాయం ఎంతో దక్షిణ భారతంలో చేసిన పరిశీలనల్లో నమోదయింది. వాటి బరువుకు చిన్న కొమ్మలు సంచులతో సహా విరిగాయి. లోపల తీగ చట్రం పెట్టి, సంచిని పక్క కొమ్మకు కూడా కట్టాల్సి వచ్చింది.

అందువల్ల ఈ ఏటి సంచుల లెక్కతో ఇప్ప తన పుప్పొడిని ఎంతవరకు ఒప్పుకుంటుందన్నది తేల్చడం లేదు. సంచి కట్టని గుత్తులతో పోల్చదగినన్ని గుత్తులు చివరిదాకా మిగలలేదు. కొందరు ఇలాంటి చోట మిగిలిన పది కాయలతో శాతం తీస్తారు. అలా చేయకండి. కాయ పడకపోవడానికి స్వసంపర్కమే కారణమా, వేడి కారణమా, చీమ కారణమా అన్నది విడదీయలేనప్పుడు ఆ శాతానికి అర్థం ఉండదు. వచ్చే పూతకు మల్లు గుడ్డ, తీగ చట్రం, గ్రీజు పట్టీ మూడూ మొదటి రోజు నుంచీ ఉంటాయి. ఖాళీ సంచి కట్టి, పుప్పొడి చేతితో రాసి, మళ్లీ సంచి తీసేసిన నాలుగో వర్గం కూడా చేరుతుంది. సంచి వల్ల కలిగే నష్టం ఎంతో దానితో తెలుస్తుంది.

దశ 3: కాయలు (జూన్, జూలై)

తల్లి ఎవరో ఖాయంగా తెలిసిన విత్తనాలు కావాలి. తల్లి జన్యురూపం తీసేస్తే మిగిలిన సగం తండ్రిది. ఈ ప్రాజెక్టు మొత్తం ఆ తీసివేత మీదే నిలబడింది.

నేల మీద ఏరిన పలుకు దీనికి పనికిరాదు. అడవి గుంపులో కొమ్మలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకొని ఉంటాయి. పైగా గబ్బిలాలు కాయను తెంపుకొని వేరే చెట్టు మీద కూర్చొని గుజ్జు తిని గింజ పడేస్తాయి. పొలాల మధ్య తాటిచెట్ల కింద ఇప్ప పలుకులు రాశిగా దొరికాయి. పొట్టిముక్కు పండ్ల గబ్బిలాలు తాటాకుల మాటున తలదాచుకుంటాయి కాబట్టి ఆ గింజలు ఎన్ని చెట్లవో చెప్పలేం. తాటిచెట్ల కింది గింజలను పారేయలేదు, "తల్లి తెలియదు" అని వేరే సంచిలో ఉంచాం. విత్తనం ఎంత దూరం పోతోందన్న ప్రశ్నకు అవే ఆధారం.

1. ఎత్తు వెదురుగడకు కొక్కెం, దాని కింద చిన్న వల. కాయ కొమ్మ మీద నుంచి నేరుగా వలలో పడాలి.
2. ఒక్కో తల్లి చెట్టుకు నాలుగు దిక్కుల నుంచీ, పై కొమ్మల నుంచీ కింది కొమ్మల నుంచీ కాయలు తీయాలి. ఒకే కొమ్మ కాయలకు ఒకే తండ్రి కావడానికి అవకాశం ఎక్కువ.
3. కాయకు నంబరు, గింజకు అక్షరం. చెట్టు 12లో ఏడో కాయలో రెండు గింజలుంటే 12-7-అ, 12-7-ఆ.

మూడో అంశాన్ని చాలామంది వదిలేస్తారు. ఒకే కాయలోని రెండు గింజలు ఒకే తండ్రి పిల్లలా, వేర్వేరు తండ్రుల పిల్లలా అన్నది గబ్బిలం ఒక్కసారి వాలినప్పుడు ఎన్ని చెట్ల పుప్పొడి తెస్తోందో చెప్పే సూచన. కాయల గుజ్జు తీసి గింజలన్నీ ఒకే తొట్టిలో కడిగితే ఆ సమాచారం పోతుంది, మళ్లీ రాదు. విడివిడి నైలాన్ జాలీ సంచుల్లోనే కడిగాం.

ఇప్పటిదాకా: తల్లి చెట్లు 20 (అడవి 10, పొలం 10). చెట్టుకు 20 చొప్పున 400 గింజలు.

దశ 4: నారుమడి

ఇప్ప గింజ ఆరితే చస్తుంది. వడ్లలా డబ్బాలో దాచి తీరిగ్గా విత్తే రకం కాదు. ఒకే తల్లి చెట్టు గింజలను ఇకపై ఒక కుటుంబం అంటాను. తీసిన వారంలోపు విత్తిన కుటుంబాలు బాగా మొలిచాయి. రవాణా కుదరక కాగితపు సంచుల్లో ఎక్కువ రోజులు ఉండిపోయిన మూడు కుటుంబాల్లో పది మొక్కలు కూడా రాలేదు. తడి ఇసుకలో కలిపి గుడ్డ సంచిలో తెచ్చినవాటికి ఈ ఇబ్బంది లేదు. ఎవరైనా మొదలుపెడితే నారుమడి మట్టి, సంచులు సిద్ధం చేసుకున్నాకే కాయ కోతకు వెళ్లండి.

ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు సమంగా కలిపిన పాలిథిన్ సంచుల్లో రెండు సెంటీమీటర్ల లోతున విత్తాం. ఒక్కో సంచికి ఒకే గింజ.

గింజ నుంచే డీఎన్‌ఏ తీయవచ్చు కదా అని అడిగినవారున్నారు. బీజదళాల నిండా ఇప్పనూనె ఉంటుంది, అది అడ్డు తగులుతుంది. మొలక ఆకు తీసుకోవడం తేలిక. కానీ దీనికి ఒక ధర ఉంది. స్వసంపర్కంతో పుట్టిన పిండాలు మొలకెత్తకముందే చనిపోయే అవకాశం ఎక్కువ. మొలకల నుంచి కట్టిన పరసంపర్క శాతం గింజల నుంచి కట్టినదానికన్నా ఎక్కువగా వస్తుంది. అందుకే ప్రతి కుటుంబంలో మొలవని గింజల సంఖ్యను ఫలితాల పట్టికలోనే, పక్క గడిలో ఉంచుతున్నాం. ఆ గడి లేకుండా ఇలాంటి శాతం ఎక్కడ చూసినా నమ్మకండి.

ఇప్పటిదాకా: మొలిచినవి 317. పది కన్నా తక్కువ మొక్కలున్న మూడు కుటుంబాలు పక్కన పెట్టగా మిగిలిన కుటుంబాలు 17. కుటుంబానికి గరిష్ఠంగా 16 చొప్పున ఆకు తీసిన మొక్కలు 262.

దశ 5: పాలు కారే ఆకు నుంచి డీఎన్‌ఏ

పెద్ద చెట్ల ఆకులను సిలికా జెల్‌లో (తేమ పీల్చే గుళికలు) ఆరబెట్టాం. ముదురాకులు సరిగా ఆరలేదు. నీలి జెల్ గుళికలు ఒక్క రాత్రిలో తేమకు గులాబీ రంగుకు మారాయి, ఆకు గోధుమ రంగు తిరిగింది. పూత అయ్యాక వచ్చే రాగి రంగు లేత ఆకులో రంగు పదార్థాలు ఎక్కువ. రెండింటికీ మధ్య దశలో, పచ్చబడి ఇంకా మెత్తగా ఉన్న ఆకు బాగా పనిచేసింది. ఈనె తీసేసి ముక్కలు చేసి, ఆకు బరువుకు పది రెట్లు జెల్ వేసి, మరుసటి ఉదయం జెల్ మార్చాలి.

మొదట మామూలు సీట్యాబ్ (కణాలను చీల్చే డిటర్జెంట్) పద్ధతి: 2 శాతం సీట్యాబ్, 1.4 మోలార్ ఉప్పు, 20 మిల్లీమోలార్ ఈడీటీఏ, 100 మిల్లీమోలార్ ట్రిస్, పీహెచ్ 8. వచ్చింది జిగురు ముద్ద. పిపెట్ మొనకు దారంలా సాగింది. డీఎన్‌ఏ శుభ్రతను కాంతితో కొలిచే అంకెల్లో 260/280 నిష్పత్తి చూడటానికి పరవాలేదు, 260/230 మాత్రం 0.6 దగ్గర ఉంది. అంటే చక్కెరలు, ఫినాల్ పదార్థాలు అలాగే ఉన్నాయి. పీసీఆర్‌లో ఏమీ రాలేదు. అదే డీఎన్‌ఏను పది రెట్లు పలచన చేస్తే జెల్ మీద డీఎన్‌ఏ గీత వచ్చింది. డీఎన్‌ఏ ఉంది, దాన్ని పని చేయనివ్వని మలినం కూడా ఉంది అని చెప్పే పరీక్ష ఇది. కొత్త కిట్టు కొనేముందు ఈ పలచన చేసి చూడండి.

మార్చినవి, ఆ క్రమంలోనే:

1. పొడి చేసిన ఆకును ముందుగా సార్బిటాల్ ద్రావణంలో కడగడం: 0.35 మోలార్ సార్బిటాల్, 100 మిల్లీమోలార్ ట్రిస్, 5 మిల్లీమోలార్ ఈడీటీఏ, 1 శాతం పీవీపీ (ఫినాల్ పదార్థాలను పట్టుకునేది), వాడేముందు 1 శాతం మెర్కాప్టోఇథనాల్. కలిపి, తిప్పి, పై ద్రవం పారబోయాలి. ద్రవం జిగురు లేకుండా తేటగా వచ్చేదాకా మళ్లీ చేయాలి.
2. సీట్యాబ్ ద్రావణంలో 2 శాతం పీవీపీ చేర్చి 65 డిగ్రీల దగ్గర 45 నిమిషాలు.
3. క్లోరోఫాం, ఐసోఅమైల్ ఆల్కహాల్ 24:1తో రెండుసార్లు శుద్ధి. మొదటిసారి మధ్య పొర మందంగా ఉంటుంది, ఆశపడి దానికి మరీ దగ్గరగా పిపెట్ పెట్టవద్దు.
4. చల్లని ఐసోప్రొపనాల్, తర్వాత 70 శాతం ఇథనాల్. అడుగున చేరిన డీఎన్‌ఏ ఉండను పూర్తిగా ఎండబెడితే తిరిగి కరగదు.

మొత్తంలో పెద్ద తేడా తెచ్చింది మొదటి అంశమే. 260/230 నిష్పత్తి 1.8 దాటింది. మెర్కాప్టోఇథనాల్, క్లోరోఫాం రెండూ ప్రమాదకరమైనవి. పొగగూడు లేని గదిలో ఈ పని విద్యార్థులతో చేయించకూడదు. మా దగ్గర గూడు చిన్నది, ఒక విడతకు 24 గొట్టాలే పెట్టాం, పని నెమ్మదించింది. అది సరైన నిర్ణయమే.

ఇప్పటిదాకా: పెద్ద చెట్లు 72లో 72, మొక్కలు 262లో 249 వాడదగిన డీఎన్‌ఏ.

దశ 6: అరువు ప్రైమర్లు, కనబడని యుగ్మ వికల్పాలు

ఇప్ప కోసం కొత్తగా మైక్రోశాటిలైట్ గుర్తులు (పొడవు చెట్టు చెట్టుకూ మారే డీఎన్‌ఏ ముక్కలు) తయారుచేసే స్తోమత మాకు లేదు. సపోటా కుటుంబంలోనే ఉన్న ఆఫ్రికా షియా చెట్టు కోసం తయారైన ప్రైమర్లను (పీసీఆర్‌లో కావలసిన ముక్క రెండు చివర్లా అతికే చిన్న డీఎన్‌ఏ తునకలు) ప్రయత్నించాం. షియా కథ కూడా ఇప్పకు దగ్గరే. అడవి కొట్టి పొలం చేసినా ఆ చెట్టును మాత్రం రైతులు ఉంచుతారు, ఆడవాళ్లు గింజ ఏరి వెన్న తీస్తారు. దక్షిణ మాలిలో అడవి షియాలనూ బీడు భూముల షియాలనూ పోల్చిన జన్యు అధ్యయనం 2004లో వచ్చింది. మా నమూనా ప్రణాళికకు అదే ప్రేరణ.

అరువు ప్రైమర్లకు అతికే ఉష్ణోగ్రత చెప్పినదానికన్నా తక్కువ కావాలి. 48 నుంచి 60 డిగ్రీల వరకు మెట్లుగా పెట్టి చూశాం. కొన్ని అసలు పనిచేయలేదు, కొన్ని అన్ని చెట్లలో ఒకే పొడవు చూపాయి, అవి పనికిరావు. మిగిలినవి 9. ముక్కల పొడవు కొలత బయటి ప్రయోగశాలలో చేయించాం. నమూనాల ప్రతి పళ్లెంలోనూ అవే రెండు చెట్ల డీఎన్‌ఏ ఉంచాం. ఒక పళ్లెంలో అన్ని పొడవులూ రెండు బేసులు జరిగి రావడం ఆ రెండింటి వల్లే బయటపడింది. లేకపోతే లేని యుగ్మ వికల్పాలు (ఒకే గుర్తు దగ్గర కనిపించే వేర్వేరు రూపాలు, ఇక్కడ వేర్వేరు పొడవులు) పుట్టుకొచ్చేవి.

ఎక్కువ సమయం తిన్న చిక్కు వేరే ఉంది. ప్రతి గుర్తు దగ్గరా చెట్టుకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు పొడవులు ఉంటాయి. ఒక గుర్తు దగ్గర తల్లి 182/182, దాని మొక్క 190/190 అని వచ్చింది. తల్లి నుంచి 182 రాకుండా మొక్క పుట్టదు. ముందు సంచులు తారుమారయ్యాయేమో చూశాం. మిగతా 8 గుర్తుల్లో తల్లీబిడ్డలు చక్కగా సరిపోయాయి. అంటే తల్లి నిజానికి 182తో పాటు ప్రైమర్ అతకని ఒక శూన్య యుగ్మ వికల్పం కలది. మొక్కకు వచ్చింది ఆ శూన్యం. తండ్రి నుంచి 190 వచ్చింది, గీత ఒక్కటే కనబడింది.

ఇది ఎందుకు ముఖ్యమో చెబుతాను. శూన్యం ఉన్న చెట్టు విషమయుగ్మజం (రెండు రూపాలూ వేరైనది) అయినా సమయుగ్మజంగా (రెండూ ఒకటేనైనదిగా) కనిపిస్తుంది. జనాభాలో సమయుగ్మజాలు ఎక్కువైతే లెక్క దాన్ని అంతఃప్రజననం (దగ్గరి చుట్టాల మధ్య సంతానం) అంటుంది. పొలాల్లో మిగిలిన చెట్లు దగ్గరి చుట్టాలతో కలిసి చెడిపోతున్నాయని ఒక వ్యాసం రాసేయవచ్చు, కారణం మాత్రం ప్రైమర్. పెద్ద చెట్లను మాత్రమే చదివితే ఈ తేడా పట్టుకోవడం కష్టం. తల్లీబిడ్డల జంటలు ఉంటే పట్టుబడుతుంది. అరువు ప్రైమర్లు వాడేవారు కనీసం కొన్ని కుటుంబాలైనా చదవాలని నేను గట్టిగా చెబుతాను.

పరిష్కారం: ఆ గుర్తునూ, అదే లక్షణం తక్కువగా చూపిన ఇంకొకదాన్నీ సంపర్క లెక్కల నుంచి తీసేశాం. 9 గుర్తుల్లో మిగిలినవి 7. నలుగురైదుగురు తండ్రి అభ్యర్థుల మధ్య తేల్చడానికి 7 చాలవచ్చు, 70 మంది మధ్య కష్టం. అందుకే మరికొన్ని ప్రైమర్లు తెప్పిస్తున్నాం.

దశ 7: లెక్కకు ముందు లెక్క

ఫలితాల అంకెలు ఇప్పుడే ఇవ్వడం లేదు, గుర్తులు పెరిగాక ఇస్తాం. ఏ లెక్కను ఏ నమూనాతో చేయాలో తేల్చుకోవడానికే చాలా సమయం పట్టింది కాబట్టి అది రాస్తున్నాను.

సంపర్కానికి: జన్యుశాస్త్రవేత్త రిట్లాండ్ రూపొందించిన బహుగుర్తుల పద్ధతి. అన్ని గుర్తులూ కలిపి వచ్చిన పరసంపర్క శాతంలో నుంచి ఒక్కో గుర్తు సగటును తీసేస్తే చుట్టాల మధ్య సంపర్కం ఎంతో అంచనా వస్తుంది. చెట్టు పూర్తిగా పరపుప్పొడే తీసుకుంటున్నా ఆ పుప్పొడి పక్కనున్న తోబుట్టువుది కావచ్చు. అడవి గుంపులో మేం వెతుకుతున్నది అదే. సమతాస్థితిలో ఉండాల్సిన అంతఃప్రజనన సూచికను (1−ట)/(1+ట)తో పోల్చుకోవాలి. ట అంటే పరసంపర్క భాగం. ట 0.8 అయితే సూచిక 0.11. పెద్ద చెట్లలో అంతకన్నా బాగా తక్కువ వస్తే స్వసంపర్క మొక్కలు పెరిగే దారిలో రాలిపోతున్నాయని అనుమానించాలి.

చుట్టరికానికి: 72 పెద్ద చెట్ల మధ్య 2,556 జతలు. అందులో అడవి లోపల 703, పొలాల లోపల 561, అడవికీ పొలానికీ మధ్య 1,292. పొలాల్లో 20 మీటర్లలోపు జతలు వేళ్ల మీద లెక్కించేటన్నే ఉన్నాయి. కనుక ఆ వర్గంలో రెండు స్థలాలను పోల్చడం న్యాయం కాదు. దూరపు లాగరిథంతో చుట్టరికం తగ్గే వాలును తీసుకొని పోల్చుతాం. సగం తోబుట్టువులకు (తల్లి గానీ తండ్రి గానీ ఒక్కరే ఉమ్మడి) ఉండాల్సిన 0.125 విలువను గీతగా గ్రాఫు మీద గీసుకుంటే చదవడం తేలిక.

జన్యువులను బట్టి చెట్లను గుంపులుగా విడదీసే స్ట్రక్చర్ అనే కంప్యూటర్ ప్రోగ్రాంలోకి మొక్కలను వేయలేదు, వేయకూడదు. ఒకే తల్లి పిల్లలు పదహారు మంది ఉంటే అది ఆ కుటుంబాన్నే ఒక ప్రత్యేక జనాభాగా చూపిస్తుంది. రంగు పట్టీలు అందంగా వస్తాయి, అర్థం తప్పు. పెద్ద చెట్లే వేయాలి. అవి కూడా దూరంతో పాటు మెల్లగా మారుతుంటే ప్రోగ్రాం లేని సరిహద్దులు గీస్తుంది, కాబట్టి దూరం గ్రాఫు పక్కనే పెట్టుకొని చూడాలి.

పొలాల్లోని చెట్ల గురించి ముందే ఒక అభిప్రాయానికి రావద్దని మా జట్టులో గట్టిగా అనుకున్నాం. దక్షిణ కోస్టారికాలో సింఫోనియా అనే చెట్టు మీద 1998లో వచ్చిన పరిశోధన అందుకు కారణం. మిగిలిన అడవి తునకల్లో పుట్టిన మొలకల్లో ఎక్కువ భాగానికి పచ్చిక బయళ్లలో నిలిచిన కొద్ది చెట్లే తల్లిదండ్రులని తేలింది. అవి వ్యర్థంగా నిలబడ్డ చెట్లు కావు, అయితే కొద్ది చెట్లే వంశం మొత్తాన్ని ఆక్రమించడం కూడా నష్టమే. మన కొడగులో దేవరకాడుల (దేవుడి పేర కాపాడే అడవి తునకల) మధ్య ఉన్న డైసోక్సిలం అనే జాతి చెట్ల పుప్పొడి కిలోమీటర్ల దూరం వెళ్తుందని కూడా తెలిసింది. గబ్బిలం ఒక రాత్రిలో పోగల దూరం చూస్తే మన 34 చెట్లు ఒంటరివని ఇప్పుడే అనలేం.

దశ 8: పిల్ల మొక్కల వేట, నిప్పు (ఫిబ్రవరి)

సహజంగా మొలిచిన పిల్లల కోసం మొదట తల్లి కొమ్మల కింద చతురస్రాలు గీసి వెతికాం. ఏమీ లేవు. పూత రాలకముందు పువ్వు కనిపించడానికి చెట్టు కింద ఆకులు ఊడ్చి నిప్పు పెడతారు. జూలైలో మొలిచిన మొక్కకు అప్పటికి ఏడెనిమిది నెలలే, అది ఆ మంటలో పోతుంది. బతికినవి ముళ్లకంచెలో, వాగు గట్టున, బండల సందున, తాటిచెట్ల మొదట్లో దొరికాయి. అన్నీ తల్లికి దూరంగా.

దీనితో రెండో ప్రశ్న రూపమే మారింది. పిల్లల్లో దగ్గరి చుట్టరికం తక్కువగా కనిపిస్తే, విత్తనాలు దూరం పోతున్నాయని సంతోషించడానికి లేదు. దగ్గర మొలిచినవి కాలిపోయి, దూరం పోయినవే మిగిలి ఉండవచ్చు. జన్యు పట్టిక ఒక్కటే చూస్తే ఈ రెండూ ఒకేలా ఉంటాయి. కాబట్టి చెట్టు పట్టికలో మరో గడి చేరింది: గత ఐదేళ్లలో కింద నిప్పు పెట్టిన ఏళ్లు.

ఇప్పపువ్వు ఊరివాళ్ల తిండి, వారి ఆదాయం. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వు లడ్డూలు తయారుచేసి వసతిగృహాల పిల్లలకు అందిస్తున్నారు. పువ్వు ఏరవద్దనే మాట ఎవరూ అనకూడదు, అందుకు శాస్త్రంలో కారణమూ లేదు. అడగాల్సింది నిప్పు లేకుండా ఏరడం గురించే. కుటుంబాలతో మాట్లాడాక 12 చెట్ల కింద నైలాన్ వలలు పరిచి ఏరడానికి ఒప్పుకున్నారు. వల మీద పువ్వుకు మట్టి అంటదని, శుభ్రంగా ఆరుతుందని వారే గమనించి చెప్పారు. వల అంచులు బండరాళ్లతో కాక కొయ్యలతో బిగించాలి, లేకపోతే గాలికి ముడుచుకుంటుంది. పొద్దున్నే పశువులు తొక్కకుండా ఒకరు ఉండాలి.

ఇప్పటిదాకా: వల చెట్లు 12, వాటితో పోల్చడానికి మామూలుగా ఊడ్చి కాల్చే చెట్లు 12. తల్లి కొమ్మల కింద కాక వేరేచోట దొరికిన పిల్ల మొక్కలు 41, అన్నిటికీ బిళ్లలు కట్టి ఆకు తీశాం.

తర్వాతి పనులు:

1. కొత్త ప్రైమర్లతో గుర్తులను 7 నుంచి కనీసం 10కి పెంచడం, శూన్యాల పరీక్ష మళ్లీ తల్లీబిడ్డల జంటలతోనే.
2. 41 పిల్ల మొక్కలకు తల్లిదండ్రులిద్దరినీ వెతకడం. ఎవరూ సరిపోకపోతే "బయటి నుంచి" అని రాయడం, దగ్గరి అంకెతో సరిపెట్టకపోవడం.
3. జూలై వానల తర్వాత వల చెట్ల కింద, కాల్చిన చెట్ల కింద ఒకే వైశాల్యంలో మొలకలు లెక్కపెట్టి బిళ్లలు కట్టడం, వచ్చే ఫిబ్రవరి దాటాక అవే బిళ్లలను మళ్లీ లెక్కపెట్టడం.